చిన్న బోటుకు ఫిష్ ఫైండర్, జీపీఎస్: తెర సైజు కన్నా ముందు చూడాల్సినవి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. ఈ 61 రోజుల్లోనే మన మత్స్యకారులు ఇంజిన్లు విప్పి బాగు చేయించుకుంటారు, వలలు సరిచేసుకుంటారు, ఫైబర్ బోటు అడుగున పగుళ్లు పూడ్పించుకుంటారు. చేతిలో కాస్త డబ్బుంటే ఫిష్ ఫైండర్ గురించీ, జీపీఎస్ గురించీ ఆరా తీసేది కూడా అప్పుడే. షాపుకు వెళ్తే మాట నేరుగా తెర సైజు మీదికి పోతుంది. ఐదంగుళాలా, ఏడా, తొమ్మిదా? తర్వాత వాట్లు ఎన్ని? ఈ రెండూ చూసి, ఎవరో పక్క ఊరివాళ్లు కొన్నారని అదే మోడల్ తెచ్చుకుంటే, అది మీ బోటుకు సరిపోతుందన్న నమ్మకం లేదు. పక్క ఊరివాళ్ల వల వేరు, వాళ్లు బోటు కట్టేసే చోటు వేరు, వాళ్లు వెళ్లే లోతు వేరు.

కాబట్టి షాపుకు వెళ్లేముందే మూడు విషయాలు తేల్చుకోవాలి. మీరు వేసేది ఏ వల, లేదా గాలమా? ఎన్ని బారల లోతులో వేస్తారు? తిరిగొచ్చాక బోటును ఇసుక మీదికి లాగుతారా, రేవులో నీటిమీదే కట్టేస్తారా? ఈ మూడోది ఎవరూ అడగరు. చిన్న బోటు విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది మాత్రం అదే. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇంకో మాట మొదట్లోనే చెప్పేస్తాను. డబ్బు పరిమితంగా ఉంటే ముందు జీపీఎస్ కొనండి, ఫిష్ ఫైండర్ తర్వాత. రెండూ కలిసిన కాంబో సెట్లు వస్తున్నాయి, అవి బాగానే ఉంటాయి. అయినా లోపల జరిగే పనులు రెండూ పూర్తిగా వేరు. జీపీఎస్ ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలు అందుకుని మీరెక్కడున్నారో చెబుతుంది. ఫిష్ ఫైండర్ నీళ్లలోకి శబ్దం పంపి, బోటు కింద ఏముందో చెబుతుంది. మొదటిది వెళ్లిన చోటికి మళ్లీ వెళ్లనిస్తుంది, ఇంటికి చేరుస్తుంది. రెండోది వల వేయాలా వద్దా అన్నదానికి సాయపడుతుంది. మొదటిది లేకుండా రెండోదాని విలువ సగమే. కింద మంచి బండ కనిపించినా, రేపు దాన్ని మళ్లీ పట్టుకోలేకపోతే చూసి ఏం లాభం?

ఆనవాళ్ల నుంచి అంకెలకు

జీపీఎస్ రాకముందు మన పెద్దలు ఒడ్డునున్న ఆనవాళ్లతో చోటు గుర్తుపెట్టుకునేవారు. విశాఖ వైపైతే డాల్ఫిన్స్ నోస్ కొండ, దానిమీది లైట్‌హౌస్, వెనకనున్న కొండల వరస. రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి సూటిగా వచ్చేలా ఒక గీత, ఇంకో వైపు మరో రెండు గుర్తులతో ఇంకో గీత. రెండు గీతలు కలిసిన చోట వల. లోతు తెలియడానికి తాడుకు బరువు కట్టి దించి బారల్లో కొలిచేవారు. ఇప్పటికీ ఈ జ్ఞానం పనికొస్తుంది. కానీ పొగమంచు పడినా, చీకటి పడినా, ఒడ్డు కనిపించనంత దూరం వెళ్లినా ఆనవాళ్లు ఉండవు. కృష్ణా, గోదావరి డెల్టాల ముందు అసలు కొండలే లేవు. జీపీఎస్ ఆ లోటు తీరుస్తుంది. మంచి ఆకాశం కింద ఐదు మీటర్ల అటూఇటూగా చోటు చెబుతుంది. జీపీఎస్ తప్పులను సరిదిద్దే మన దేశపు గగన్ ఉపగ్రహ సంకేతాన్ని కూడా అందుకునే సెట్టయితే ఇంకొంచెం మెరుగు.

చిన్న బోటుకు జీపీఎస్‌లో నిజంగా అవసరమయ్యేవి కొద్దే. ఉన్న చోటును ఒక్క బటన్‌తో మార్కు చేయగలగాలి. వచ్చిన దారిని ట్రాక్‌గా దాచుకుని, అదే దారిలో వెనక్కి నడిపించగలగాలి. మనిషి నీళ్లలో పడితే నొక్కే బటన్ చేతికి అందేలా ఉండాలి. ఫలానా గీత దాటితే మోగే అలారం ఉండాలి. ఇవన్నీ చేతిలో పట్టుకునే చిన్న జీపీఎస్‌లో కూడా ఉంటాయి. అది రెండు పెన్సిల్ బ్యాటరీలతో సుమారు 15 నుంచి 20 గంటలు నడుస్తుంది, నీళ్లలో పడినా పాడవని రకాలున్నాయి, కొన్ని తేలతాయి కూడా. ఫైబర్ తెప్ప మీద సాయంత్రం వెళ్లి తెల్లారి వచ్చేవారికి నా ఓటు దీనికే. రంగుల మ్యాపులున్న పెద్ద చార్ట్‌ప్లాటర్ బాగుంటుంది, కానీ దాన్ని వానకూ కెరటానికీ అందకుండా పెట్టే క్యాబిన్ తెప్ప మీద ఉండదు.

ఫోన్ ఉంది కదా, వేరే జీపీఎస్ ఎందుకని కుర్రాళ్లు అడుగుతారు. ప్రశ్న సబబైనదే. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాపును ముందే దించుకుని ఉంచుకుంటే చాలు. ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్ వాళ్ల ఫిషర్ ఫ్రెండ్ యాప్ తెలుగులో ఉంది. అలల ఎత్తు, గాలి, చేపలు దొరికే చోట్ల సమాచారం, సరిహద్దు హెచ్చరిక అన్నీ అందులో ఉన్నాయి. రెండో సాధనంగా ఫోన్ చాలా మంచిది. మొదటి సాధనంగా మాత్రం వద్దు. తడి వేళ్లకు తెర పలకదు, మిట్టమధ్యాహ్నం ఎండలో ఏమీ కనిపించదు, వేడికి ఆగిపోతుంది, పైగా ఆపదలో మాట్లాడటానికి మిగలాల్సిన బ్యాటరీ దారి చూడటానికే అయిపోతుంది.

జీపీఎస్‌తో చాలామందికి వచ్చే చిక్కు సెట్టులో ఉండదు, అంకెలు రాసే పద్ధతిలో ఉంటుంది. అక్షాంశ రేఖాంశాలను మూడు రకాలుగా రాస్తారు: ఒకటి, డిగ్రీలు, నిమిషాలు, సెకన్లుగా; రెండు, డిగ్రీలు, దశాంశంతో నిమిషాలుగా; మూడు, మొత్తం డిగ్రీల్లోనే దశాంశంగా. విశాఖ బయట ఒక చోటు అక్షాంశం 17 డిగ్రీల 32 నిమిషాల 50 సెకన్లు అనుకుందాం. మీ సెట్టు రెండో పద్ధతిలో ఉండి, మీరు 32.50 నిమిషాలని కొడితే, అది 32 నిమిషాల 30 సెకన్లు అవుతుంది. 20 సెకన్ల తేడా, నీటి మీద 600 మీటర్లకు పైగా. అదే 17.32 డిగ్రీలని కొడితే అది నిజానికి 17 డిగ్రీల 19 నిమిషాల చిల్లర. దాదాపు 25 కిలోమీటర్లు దక్షిణానికి పోతారు. వైర్‌లెస్‌లో ఒక బోటువాళ్లు చెప్పిన చోటికి ఇంకో బోటువాళ్లు వెళ్లి ఖాళీ నీళ్లు చూసి రావడానికి ఇదొక పెద్ద కారణం. ఆపదలో సాయం కోరేటప్పుడు ఇదే పొరపాటు జరిగితే డీజిల్ మాత్రమే పోదు. సెట్టు కొన్న రోజే, ఊళ్లో బోట్లన్నీ ఒకే పద్ధతిలో పెట్టుకోవాలని మాట్లాడుకుంటే మంచిది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, చేపలు చేరే అవకాశమున్న చోట్ల సమాచారం తెలుగులో కూడా ఇస్తుంది. సముద్రపు పైనీటి వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ ఉపగ్రహాల నుంచి చూసి ఆ చోట్లను గుర్తిస్తారు. ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఎంత లోతులో అన్నది చెబుతూ అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇస్తారు. కాబట్టి ఆ సమాచారం వాడేవారికి సెట్టును కూడా ఆ పద్ధతిలోనే ఉంచుకోవడం సులువు. మబ్బు పట్టిన రోజుల్లో, నిషేధ కాలంలో ఈ సమాచారం రాదు.

ఇక గీతల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ బోట్లకు కేటాయించిన నీళ్లు, మరబోట్లు అందులోకి రాకూడదు. వచ్చి మీ వల తెంపేస్తే, ఆ క్షణంలో జీపీఎస్‌లో కొట్టిన మార్కు, తేదీ, టైముతో సహా మీ చేతిలో ఉన్న ఆధారం. కాకినాడ బయట చమురు, గ్యాస్ ప్లాట్‌ఫారాల చుట్టూ చేపలు చేరతాయి, కాబట్టి బోట్లూ చేరతాయి. కానీ వాటి చుట్టూ 500 మీటర్ల లోపలికి వెళ్లకూడదు. ప్లాట్‌ఫారాన్ని మార్కు చేసి అంత దూరానికి అలారం పెట్టుకోవచ్చు.

దేశ సరిహద్దు మన తీరానికి చాలా దూరం, కానీ మనవాళ్లకు దూరం కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు పనికి వెళ్లిన మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులకు చిక్కి, వాళ్లలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా మీదుగా తిరిగి రాలేదు. పెద్ద బోట్లలో జీపీఎస్ తండేలు, అంటే బోటు నడిపే పెద్ద, చేతిలో ఉంటుంది, మిగతావారికి అది ఏం చూపిస్తోందో తెలియదు. నా ఉద్దేశంలో బోటెక్కే ప్రతి ఒక్కరికీ, వంట చేసే కుర్రాడికి కూడా, తెర మీది అంకెలు చదివి మైకులో చెప్పడం రావాలి. నేర్పడానికి అరగంట చాలు.

డెల్టా వాళ్లకు ఒక ప్రత్యేకమైన జాగ్రత్త. మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, దాటేటప్పుడు పాత ట్రాక్ మీద బోటు నడపడం చాలా సౌకర్యంగా ఉంటుంది, రాత్రిపూట మరీ. కానీ గోదావరికి వరద వచ్చి వెళ్లాక మొగలో ఇసుక మేటలు చోటు మారిపోతాయి. నిరుడు లోతుగా ఉన్న దారిలో ఈ ఏడు మోకాలి లోతు ఉండొచ్చు. జీపీఎస్ పాత దారినే అంతే నమ్మకంగా చూపిస్తుంది. వరద తర్వాత పగటిపూట, పోటు మీదున్నప్పుడు, నెమ్మదిగా వెళ్లి కొత్త ట్రాక్ తీసుకుని పాతది చెరిపేయాలి.

నీళ్లలోకి పంపే శబ్దం

చేపల కోసం శబ్దాన్ని వాడే పరికరాన్ని జపాన్‌కు చెందిన ఫురునో సంస్థ 1948లో మార్కెట్లోకి తెచ్చింది. అప్పటి నుంచి తెరలు మారాయి, లెక్కలు కట్టే చిప్పులు మారాయి, అసలు సూత్రం అదే. ట్రాన్స్‌డ్యూసర్ అనే బిళ్ల నీళ్లలోకి శబ్దాన్ని కొడుతుంది. నేలకో, చేపకో తగిలి అది వెనక్కి వస్తుంది. శబ్దం సముద్రపు నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. 75 మీటర్ల లోతు, అంటే సుమారు 41 బారలు, ఉన్న చోట వెళ్లి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. ఆ టైమును బట్టి లోతు, తిరిగొచ్చిన శబ్దం బలాన్ని బట్టి రంగు. ఫిష్ ఫైండర్ చేసేదంతా ఇదే.

శబ్దం టార్చ్ లైటు వెలుగులా కిందికి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. శబ్దం ఫ్రీక్వెన్సీని కిలోహెర్ట్జ్‌లలో చెబుతారు. 200 కిలోహెర్ట్జ్ దగ్గర మామూలు ట్రాన్స్‌డ్యూసర్ కోణం సుమారు 20 డిగ్రీలు ఉందనుకుంటే, 30 మీటర్ల లోతులో అది చూసేది పదిన్నర మీటర్ల వెడల్పున్న వృత్తాన్ని. పది మీటర్ల లోతులో మూడున్నర మీటర్లే. 50 కిలోహెర్ట్జ్ దగ్గర కోణం 45 డిగ్రీలైతే, అదే 30 మీటర్ల దగ్గర వృత్తం 25 మీటర్లు. కిలోమీటరు అవతల చేపల గుంపు ఎక్కడుందో చెప్పేస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. కిందికి చూసే ఫిష్ ఫైండర్‌కు బోటు కింద ఉన్నది తప్ప ఏమీ తెలియదు. చుట్టూ తిప్పి చూసే సోనార్లు వేరే ఉన్నాయి, వాటి ధర, బరువు, కరెంటు అవసరం చిన్న బోటు మోయలేదు.

మరి 50 మంచిదా, 200 మంచిదా? ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం వివరంగా చూపిస్తుంది, కానీ నీళ్లలో త్వరగా అరిగిపోతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ లోతుకు పోతుంది, వివరం తగ్గుతుంది. నూరు మీటర్ల లోపు వేటాడేవారికి 200 చాలు. తీరపు నేల ఒక్కసారిగా లోతుకు దిగే అంచు దాటి, లోతు నీళ్లలో సూర (ట్యూనా) చేపల కోసం గాలం వేసేవారు 50 ఉన్నది తీసుకోవచ్చు. అక్కడ కూడా నేల కనిపించకపోతే కంగారు పడక్కర్లేదు. సూర తిరిగేది పైనీళ్లలో, మీకు కావాల్సింది మొదటి 100 మీటర్ల బొమ్మే. ఈ మధ్య వచ్చే చిర్ప్ రకం ఒకే ఫ్రీక్వెన్సీకి బదులు కింది నుంచి పైదాకా ఒక వరస ఫ్రీక్వెన్సీలను పంపుతుంది. దగ్గర దగ్గరగా ఉన్న చేపలను విడివిడిగా, నేలను ఆనుకుని ఉన్నవాటిని కాస్త స్పష్టంగా చూపిస్తుంది. ధరలో పెద్ద తేడా లేకపోతే చిర్ప్ తీసుకోవడం మంచిదే. ఫొటోలా చూపించే డౌన్ ఇమేజింగ్, సైడ్ ఇమేజింగ్ రకాలు ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయి కాబట్టి లోతుకు దిగవు. జలాశయాల్లో, బ్యాక్‌వాటర్‌లో బాగుంటాయి. సముద్రపు వేటకు వాటికోసం అదనంగా ఖర్చు పెట్టొద్దనే అంటాను.

వాట్ల విషయంలో తొందరపడొద్దు. ఒక కంపెనీ సగటు పవర్ రాస్తుంది, ఇంకో కంపెనీ గరిష్ఠ పవర్ రాస్తుంది. రెండో అంకె ఎప్పుడూ చాలా పెద్దగా ఉంటుంది. రెండు డబ్బాలను పోల్చాలంటే ఒకే రకం అంకెను పోల్చాలి. 50 మీటర్ల లోపు నీళ్లకు రెండు మూడు వందల వాట్ల సగటు పవర్ పుష్కలం.

తెర మీది బొమ్మ చదవడం

కొత్త సెట్టు ఆన్ చేయగానే తెర మీద చిన్న చిన్న చేప బొమ్మలు ఈదుతుంటాయి. ముందుగా ఆ ఆప్షన్ తీసేయండి. యంత్రం తనకు తగిలిన ప్రతి ముద్దనూ, అది ప్లాస్టిక్ సంచైనా, బుడగలైనా, చేపని ఊహించి బొమ్మ గీస్తుంది. అసలు సంకేతాన్ని చూడటం అలవాటైతే నెల తిరక్కుండా కన్ను పదునెక్కుతుంది.

తెరకు కుడి అంచున కనిపించేది ఇప్పటిది, ఎడమకు పోయేకొద్దీ గడిచిపోయింది. ఎడమ వైపు గుంపు కనిపిస్తే అది మీ వెనక ఉందని అర్థం. కదులుతున్న బోటు కింద ఒక చేప నిలబడి ఉంటే విల్లులా వంపు తిరిగిన గీత వస్తుంది. వృత్తం అంచుకు వచ్చినప్పుడు చేప కొంచెం దూరం, మధ్యకు వచ్చేసరికి దగ్గర, దాటిపోయేటప్పుడు మళ్లీ దూరం. అందుకే ఆ వంపు. బోటు ఆపేసి గాలం వేసినప్పుడు అదే చేప కింద నిలబడితే పొడవాటి సన్నగీతగా సాగుతుంది. దాన్ని చూసి పెద్ద చేపనుకుంటే నిరాశే.

చేప ఒళ్లంతా శబ్దాన్ని ఒకేలా వెనక్కి పంపదు. ఎక్కువ భాగం తిరిగొచ్చేది కడుపులోని గాలితిత్తి నుంచి. గాలితిత్తి ఉన్న గొరక లాంటి చేపల గుంపు ఎర్రగా, ముద్దగా కనిపిస్తుంది. సొరచేపకు ఆ తిత్తే లేదు. సూరల్లో పొట్ట కింద చారలుండే స్కిప్‌జాక్ రకానికీ లేదు. అవి కింద ఉన్నా తెర మీద మసగ్గా, పలచగా పడతాయి. రొయ్యలు విడిగా కనిపించవు. రొయ్యల కోసం వెళ్లేవారు ఫిష్ ఫైండర్‌లో చూడాల్సింది నేలను. బురద నేల పలచగా, మెత్తగా కనిపిస్తుంది. గట్టి ఇసుక, రాతి నేల దట్టమైన రంగులో పడుతుంది. చాలాసార్లు దానికి రెట్టింపు లోతులో రెండో గీత కూడా వస్తుంది. 20 బారల దగ్గర నేల ఉంటే 40 దగ్గర ఇంకో నేల ఉన్నట్టు. శబ్దం గట్టిగా కొట్టుకుని పైకొచ్చి, నీటి పైభాగానికి తగిలి మళ్లీ కిందికెళ్లి వస్తుందన్నమాట. వల చింపేసే బండను ముందే పసిగట్టడానికి ఈ రెండో గీత మంచి సూచన. అడుగు వలలు వేసేవారికి ఒక్క వల మిగిల్తే సెట్టు ధరలో కొంత అప్పుడే తిరిగొచ్చినట్టు.

సాయంత్రం పొద్దుగూకే వేళకు కింద నుంచి ఒక పొర మబ్బులా పైకి లేస్తుంటే భయపడొద్దు. నీటిలో తేలే చిన్న జీవులు రాత్రికి పైకొస్తాయి, వాటిని తినే చేపలు వెంట వస్తాయి. గెయిన్, అంటే తిరిగొచ్చిన శబ్దాన్ని సెట్టు ఎంత పెంచి చూపాలన్న సెట్టింగు, మరీ పెంచితే ఈ పొర తెరంతా కప్పేస్తుంది, మరీ తగ్గిస్తే చేపలే మాయమవుతాయి. నీళ్లలో అక్కడక్కడ చిన్న చుక్కలు కనిపించేంత వరకు పెంచి, ఒక మెట్టు తగ్గించడం మంచి పద్ధతి. చుట్టూ బోట్లు గుమికూడినప్పుడు పక్క బోటు శబ్దం మీ సెట్టులో పడి నిలువు గీతలు, చుక్కలు వస్తాయి. సెట్టు చెడిపోయిందనుకోకండి. ఫిల్టర్ పెంచడమో, రెండో ఫ్రీక్వెన్సీకి మారడమో చేస్తే సర్దుకుంటుంది.

ఇంకో సౌకర్యం: లోతు చూపించే యూనిట్‌ను ఫాదమ్‌లకు మార్చుకోవచ్చు. ఒక ఫాదమ్ ఆరడుగులు, దాదాపు మన బార. తెర మీద 18 అని పడితే పెద్దాయనకు వెంటనే అర్థమవుతుంది, మీటర్లలో 33 అంటే లెక్క వేసుకోవాలి.

అసలు కష్టం బిగించడంలో

విదేశీ కంపెనీల పుస్తకాల్లో ట్రాన్స్‌డ్యూసర్‌ను బోటు వెనక చెక్కకు స్క్రూలతో బిగించమని ఉంటుంది. బోటు ఎప్పుడూ నీళ్లలోనే ఉండే చోట రాసిన సలహా అది. మన తీరంలో వందల ఊళ్లలో బోటు కెరటాల మీదుగా వచ్చి ఇసుకలో ఢీకొంటుంది, తర్వాత దాన్ని లాగుతారు, లేదా ట్రాక్టర్‌తో ఈడుస్తారు. వెనక కిందికి పొడుచుకు వచ్చిన ప్లాస్టిక్ బిళ్ల మొదటి వారమే విరిగిపోతుంది. కేబుల్ తెగితే మధ్యలో అతికించడం కుదరదు. అతికించినా బొమ్మంతా గీతలు. కొత్త ట్రాన్స్‌డ్యూసర్ అంటే సెట్టు ధరలో పెద్ద ముక్కే.

ఒక దారి, ట్రాన్స్‌డ్యూసర్‌ను బోటు లోపల అడుగుకు అతికించి ఫైబర్ గుండానే శబ్దాన్ని పంపడం. ఒకే పొర గట్టి ఫైబర్ ఉంటే ఇది బాగా పనిచేస్తుంది, కొంత బలం తగ్గుతుంది అంతే. కానీ చాలా ఫైబర్ తెప్పల్లో మునగకుండా ఉండటానికి రెండు పొరల మధ్య ఫోమ్, థర్మకోల్ నింపుతారు. అందులో ఉండేది గాలి. గాలి దగ్గర శబ్దం ఆగిపోతుంది. చెక్క అడుగులోనూ పనిచేయదు. అతికించే ముందు పరీక్ష చేసుకోవచ్చు: పల్చటి ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ను అందులో ఉంచి, తడి చేసిన అడుగు మీద ఆనించి లోతు చూడండి. తర్వాత దాన్నే బోటు పక్కన నీళ్లలో ముంచి చూడండి. రెండు లోతులూ ఒకటైతే, బొమ్మ దాదాపు అంతే స్పష్టంగా ఉంటే, అప్పుడు అతికించండి. జిగురులో ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు.

ఇసుక మీదికి లాగే తెప్పలకు నేను చెప్పేది రెండో దారి: పక్కన మడిచే పైపు. వెల్డింగ్ షాపులో స్టెయిన్‌లెస్ స్టీల్ పైపుకు కీలు పెట్టించి, కింది కొనకు ట్రాన్స్‌డ్యూసర్ బిగించి, బోటు పక్క అంచుకు కట్టాలి. వేట చోటికి చేరాక దించుతారు, ఒడ్డుకు వచ్చేముందు ఎత్తేస్తారు. పైపు వేగంలో వణుకుతుంది, కాబట్టి నెమ్మదిగా పోయేటప్పుడే దించాలి. దించాక ట్రాన్స్‌డ్యూసర్ నిట్టనిలువుగా కిందికి చూడాలి, వంగితే లోతు తప్పు చూపిస్తుంది. ఇంజిన్ ఫ్యాన్ నుంచి దూరంగా, బోటు మధ్య భాగానికి దగ్గరగా ఉంటే బుడగల గొడవ ఉండదు. రేవులో కట్టేసే బోట్లకు మాత్రం వెనక చెక్కకు బిగించే పద్ధతే సులువు. ముందున్న అడుగు నునుపుగా, అడ్డం లేకుండా ఉండే చోటు చూసి, ట్రాన్స్‌డ్యూసర్ ముఖం అడుగు కన్నా కొద్దిగా కిందికి ఉండేలా పెట్టాలి.

బ్యాటరీ సంగతి ముందే లెక్క వేయండి. చిన్న ఔట్‌బోర్డ్ ఇంజిన్లలో చాలావాటికి బ్యాటరీని చార్జ్ చేసే ఏర్పాటు ఉండదు. ఐదంగుళాల కాంబో సెట్టు అర ఆంపియర్ నుంచి ఒక ఆంపియర్ దాకా కరెంటు తీసుకుంటుంది, ఎండలో తెర కాంతి పెంచితే ఎక్కువ. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి అది నాలుగైదు గంటల మాట. రాత్రంతా వేటకు 24 లేదా 26 ఆంపియర్-అవర్ బ్యాటరీ కావాలి, లేదా వల వేశాక ఫిష్ ఫైండర్ ఆపేసే అలవాటు కావాలి. వైరు నేరుగా బ్యాటరీకి, మధ్యలో ఫ్యూజుతో. కంపెనీ చెప్పిన ఫ్యూజే వేయాలి, రాగి తీగ చుట్టడం సెట్టును కాల్చుకోవడమే. ఇంటికొచ్చాక ప్లగ్గు పిన్నులు మంచినీళ్ల గుడ్డతో తుడిచి ఆరబెట్టడం రోజూ చేయాలి. ఉప్పు చంపినన్ని సెట్లను ఇంకేదీ చంపదు.

ఏ వలకు ఏది

పైనీళ్లలో రాత్రిపూట వలను వదిలేసి కవళ్ల కోసం, కానాగంతల కోసం వేచి ఉండేవారికి ఫిష్ ఫైండర్ పెద్దగా చేసేదేమీ లేదు. వాళ్లకు చేతి జీపీఎస్ చాలు. వల వదిలిన చోట మార్కు కొట్టి, ఒరవడికి ఎటు కొట్టుకుపోతోందో ట్రాక్‌లో చూసుకుంటే తెల్లారి వెతుకులాట తప్పుతుంది. లంగరు వేసి నిలిపే అడుగు వలలవారికి, బండల మీద గాలం వేసేవారికి ఫిష్ ఫైండర్ నిజంగా ఫలితమిస్తుంది, జీపీఎస్‌తో కలిపి కాంబో తీసుకోవడం వాళ్లకు న్యాయం. ఐదంగుళాల తెర సరిపోతుంది. మరీ చిన్నదైతే సగం మ్యాపు, సగం సోనార్ పెట్టినప్పుడు రెండూ అర్థం కావు.

గల్ఫ్ నుంచో అమెరికా నుంచో బంధువులు తెచ్చే సెట్ల గురించి ఒక మాట. సోనార్ ఎక్కడైనా ఒకటే, కానీ లోపలుండే మ్యాపు అక్కడి సరస్సులది, అక్కడి తీరానిది అయి ఉండొచ్చు. బంగాళాఖాతం చార్టు కార్డు విడిగా కొనాలి. ఇక్కడి సర్వీస్ సెంటర్ ఆ సెట్టుకు వారంటీ ఇస్తుందో లేదో ముందే అడగాలి. ముఖ్యంగా, ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే విదేశీ పరికరాలు, శాటిలైట్ ఫోన్లు తేవద్దని చెప్పండి. అనుమతి లేకుండా వాటిని మన దేశంలో ఉంచుకోవడం నేరం. ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు.

ఆపదలో పిలవడానికి మన దగ్గర వేరే సాధనాలున్నాయి, ఈ విషయంలో జీపీఎస్‌ను చూసుకుని ధీమా పడకూడదు. అది మీరెక్కడున్నారో మీకు చెబుతుంది, ఇంకెవరికీ చెప్పదు. ఇస్రో తయారుచేసిన డాట్ పరికరం బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా కోస్ట్ గార్డ్‌కు సంకేతం వెళ్తుంది. 2024 ఆగస్టులో కేంద్రం 364 కోట్ల రూపాయల ఖర్చుతో లక్ష బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం ప్రారంభించింది. వాటితో రెండు వైపులా మెసేజ్ పంపుకోవచ్చు, తుపాను హెచ్చరికలు, సరిహద్దు హెచ్చరికలు వస్తాయి. ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజన కింద భద్రతా పరికరాలకు సాయం ఉంది. మీ ఊరి మత్స్య సహాయకుణ్ని అడిగి తెలుసుకోండి. అవి ఉచితంగా, సబ్సిడీతో వచ్చే అవకాశం ఉంటే, మీ సొంత డబ్బు జీపీఎస్‌కూ ట్రాన్స్‌డ్యూసర్‌కూ మిగులుతుంది. ఫోన్ సిగ్నల్ ఉన్నంత దూరం కోస్ట్ గార్డ్ నంబరు 1554. వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ ఉంటే 16వ ఛానెల్. ఒక మామూలు దిక్సూచి కూడా బోటులో ఉండాలి, ఎందుకంటే బోటు నిలబడిపోయినప్పుడు జీపీఎస్ బాణం ఎటు పడితే అటు తిరుగుతుంది, బ్యాటరీ అయిపోతే అదీ ఉండదు.

కొన్నాక మొదటి వారం కొత్త చోట్లకు వెళ్లకండి. మీకు నేలంతా తెలిసిన చోట, బండ ఎక్కడ మొదలవుతుందో, బురద ఎక్కడుందో తాడుతో కొలిచి తెలిసిన చోట తిప్పి చూడండి. తెర చెప్పేది, మీకు తెలిసినది ఒకటవుతున్నాయో లేదో అప్పుడే తేలుతుంది. మార్కులు పెరిగేకొద్దీ వాటిని మెమరీ కార్డులోకి ఎక్కించి ఇంట్లో ఉంచండి. కార్డు పెట్టే చోటు లేని సెట్టయితే ఒక నోటు పుస్తకంలో రాసుకోండి: చోటు పేరు, అక్షాంశం, రేఖాంశం, ఏ పద్ధతిలో రాశారో, ఎన్ని బారలు, నేల ఎలాంటిది, ఏ నెలలో ఏ చేప పడింది. సెట్టు పాడైనా, నీళ్లలో పడిపోయినా, ఆ పుస్తకం చూసి కొత్త సెట్టులో మార్కులన్నీ ఒక్క పూటలో ఎక్కించుకోవచ్చు.